తీతువు లేచినచోట

మాచర్ల నుంచి నల్లమలలోకి ఎక్కే బండ్లబాట మీద, కొండ మొదట్లో, అటవీశాఖ వాళ్ల గేటు ఒకటి ఉండేది. గేటంటే రెండు రాతి కూసాల మధ్య అడ్డంగా వేసిన పొడవాటి వెదురు బొంగు. ఒక కొసకి బరువు కోసం రాయి కట్టి ఉండేది. పక్కన పెంకుల గది, ఎద్దులు నీళ్లు తాగే రాతి తొట్టి. కొండ దిగే ప్రతి బండీ అక్కడ ఆగి పర్మిటు చూపించాలి. నేను చూసి, ముద్ర కొట్టి, బొంగు ఎత్తాలి. ఇరవై మూడో ఏట మొదలుపెట్టి నాలుగేళ్లు ఆ ఉద్యోగం చేశాను. యుద్ధం జరుగుతున్న రోజులు. పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గు మీద నడిచేవి. ఆ బొగ్గు కొండమీద కాల్చి, తెల్లవారుజామున బండ్లకెత్తి దించేవాళ్లు. ఎనిమిదింటికల్లా బండ్లన్నీ వెళ్లిపోయేవి. ఆ తరవాత పొద్దుగూకేదాకా ఆ బాట మీద నేనూ, ఎండా, పిట్టలూ.

పిట్టల పిచ్చి నాకు అంతకుముందు లేదు. బదిలీ మీద వెళ్తూ ఒక రేంజరు తన పాత దుర్భిణి నాకు పారేసి పోయాడు. దాని ఎడమ కన్ను పగిలిపోయింది. కుడి కంటితో చూస్తే మాత్రం కొమ్మమీది పిట్ట రెప్ప ఆర్పడం కూడా కనిపించేది. ఎండాకాలంలో ఆ అడవి ఆకంతా రాల్చేస్తుంది, పిట్టకి దాపు ఉండదు. వాగులు ఎండిపోతాయి, తొట్టి దగ్గరికి రాక తప్పదు. అందుకని నేను ఎక్కడికీ పోనక్కర్లేకపోయింది. గది అరుగు మీద కూచుంటే చాలు. పొద్దున్నే కౌజుపిట్టలు జంటలుగా బాట దాటేవి. ఎండ ఎక్కేకొద్దీ కంసాలిపిట్ట ఎక్కడో కూచుని చెంబుకి సొట్టలు తీస్తున్నట్టు టుంగు టుంగుమనేది. మగ పాలపిట్ట ఆకాశంలోకి నిటారుగా ఎగిరి, రెక్కల నీలమంతా చూపిస్తూ, దొర్లుకుంటూ కిందికి పడేది. తెల్లటి పొడుగు తోక పిట్ట ఒకటి మధ్యాహ్నం వేళ వచ్చి, తొట్టి నీళ్లలో పొట్ట తడుపుకుని పోయేది. దాని పేరు నాకప్పుడు తెలియదు. "తోక మూరెడు, ఈరోజు రెండుసార్లు" అని రాసుకున్నాను. పాడైపోయిన పర్మిటు కాగితాల వెనకవైపు ఇవన్నీ రాసుకునేవాణ్ణి.

బండ్లవాళ్లు ఇది గమనించారు. సర్కారు ఉద్యోగి, సర్కారు కాగితం మీద, పిట్టల్ని చూసి రాస్తున్నాడు. ఊరికే ఎందుకు రాస్తాడు?

"ఏంది గుమాస్తయ్యా, పొద్దస్తమానం పిట్టల్ని సూసి రాస్తన్నావంట? సర్కారోళ్లకి గూడా శకునాలు కావాల్నా?" అని ఒక ముసలాయన అడిగాడు. రోజూ మొదటి బండి ఆయనదే.

కాదు తాతా, నాకు పిట్టలంటే ఇష్టం, అంతే, అని ఉంటే అక్కడితో పోయేది. నేను అనలేదు. "ఊరికే రాస్తానా తాతా?" అన్నాను, ఓరకంటితో చూస్తూ. ఆయన కర్ర చంకలో పెట్టుకుని రెండు చేతులూ జోడించాడు.

ఆ నమస్కారం నన్ను పాడు చేసింది. మెట్రిక్ రెండుసార్లు తప్పినవాణ్ణి. ఇంట్లో మా నాయన నన్ను చూపించి "ఇదిగో మా ఇంటి పనికిరాని సామాను" అని చుట్టాలకి చెప్పేవాడు. అప్పటిదాకా నన్ను ఎవరూ ఏ సంగతీ అడిగి ఎరగరు. ఇక రోజూ అడగడం మొదలుపెట్టారు. "అయ్యా, ఇయ్యాల ఎట్టుంది?" అంటే, "పాలపిట్ట కుడిపక్కన ఉంది, పో" అనేవాణ్ణి. సంబరపడి పోయేవాళ్లు. "కౌజు ఒంటిగా దాటింది, నిదానంగా తోలు" అంటే నిదానంగా తోలేవాళ్లు. కొన్ని మా నాయనమ్మ దగ్గర విన్నవి. తక్కినవి నోటికొచ్చినవి. ఎవరికీ నష్టం లేదు కదా అనుకునేవాణ్ణి. నిదానంగా తోలితే ఎద్దులకే మంచిది కదా అని కూడా అనుకునేవాణ్ణి. మనిషి తన తప్పుకి సాకు ఎంత దగ్గర్లో దొరికితే అంత తొందరగా తీసుకుంటాడు.

మూడో ఎండాకాలం గేటు దగ్గరే తీతువు గుడ్లు పెట్టింది.

తీతువు గూడు కట్టదు. బాట పక్కన కంకరలో చిన్న గుంట చేసి, నాలుగు గుడ్లు మొనలు లోపలికి పెట్టి కూచుంది. గులకరాళ్ల రంగే గుడ్లది. రెండు అడుగుల దూరంలో నిలబడి చూసినా కనిపించవు. మధ్యాహ్నం ఎండకి రాళ్లు కాలిపోతుంటే తీతువు తొట్టికి వచ్చి, పొట్ట ఈకలు తడుపుకుని, గబగబా నడిచిపోయి గుడ్ల మీద కూచునేది. అది గుడ్లు చల్లబరచడానికని నాకు నాలుగు రోజులు చూస్తేగాని అర్థం కాలేదు. అర్థమైన రోజు అన్నం తినడం మరిచిపోయాను. ఎవరికైనా చెప్పాలనిపించింది. చెప్పడానికి ఎవరూ లేరు.

బండ్లు గేటు దగ్గర ఆగేటప్పుడు సరిగ్గా ఆ కంకర మీదికే ఒరుగుతాయి. చుట్టూ పెద్ద రాళ్లు పేర్చాను. మర్నాటికి ఎవరి చక్రమో వాటిని దొర్లించేసింది. మూడో రోజు ముసలాయన బండి చక్రం గుడ్లకి జానెడు దూరంలో ఆగింది. తీతువు లేచి నెత్తిన తిరుగుతూ గొంతు చించుకుంటోంది. ఆయన భయపడి పైకి చూస్తున్నాడు. తీతువు అరుపంటే అక్కడ అందరికీ భయమే.

"తాతా, ఆగు" అన్నాను. అప్పుడే నా బుర్రలో ఆ మాట పుట్టింది. "తీతువు లేచి బండి మీద తిరుగుతూ అరిస్తే, అరుపు ఆగేదాకా కదలకూడదు. ఉన్నచోటే ఎద్దుల్ని విప్పేయాలి. కాదని తోలితే ఆ బండితో వచ్చినవాళ్లలో ఒకరు తగ్గుతారు."

"ఓరి దేవుడో! ఈ సంగతి మాకు ఎవురూ చెప్పలేదే!"

"నేను చెప్తున్నాగా."

ఆరోజు సాయంత్రానికే ఆ మాట కొండ ఎక్కింది. మర్నాటి నుంచి బండ్లు పై వంపులో ఉండగానే, మువ్వల చప్పుడుకి తీతువు లేచేది. బండ్లవాళ్లు అక్కడే, ఇప్పచెట్టు కింద, ఎద్దుల్ని విప్పి కూచునేవాళ్లు. దూరం కాబట్టి పది నిమిషాల్లో అది సర్దుకుని గుడ్ల మీదికి పోయేది. అప్పుడు కాడి కట్టి, అవతలి పక్కగా మెల్లగా దిగేవాళ్లు. గుడ్లు భద్రం. నా ఎత్తుకి నేనే మురిసిపోయాను. కాగితం వెనక "మా తీతువుకి ఇక భయం లేదు" అని రాసుకున్నాను. ఆ కాగితం చానాళ్లు నా దగ్గర ఉంది.

పది పన్నెండు రోజులు గడిచాయి. ఒక పొద్దున, బొగ్గు బండ్లన్నీ పోయాక, పై వంపులో మరో బండి కనిపించింది. మువ్వల చప్పుడు లేదు. ఎద్దుల మెడలు బోసిగా ఉన్నాయి. బండిలో గడ్డి పరిచి, పైన నీడకి చీర కట్టారు. తోలుతున్నవాడు పాతికేళ్లవాడు, కొండమీద బొగ్గు కాలుస్తాడు. ముఖం ఎరుగుదును. వెనక నడిచి వస్తున్నది వాళ్లమ్మ. చీర కింద పడుకున్నది అతని భార్య.

"రెండ్రోజుల్నించీ నొప్పులయ్యా. బిడ్డ అడ్డం తిరిగిందంట. మంత్రసాని నా వల్ల గాదంది. కింద మిషనాసుపత్రికి తీసకపోతన్నాం" అన్నాడు అతను. మువ్వల మోత కూడా ఆమెకి బాధగా ఉందని విప్పేశారట.

నేను పర్మిటు మాట ఎత్తలేదు. పరుగెత్తి బొంగు ఎత్తాను. బండి గేటు దగ్గరికి వచ్చింది. అలవాటు చొప్పున ఎద్దులు కంకరవైపు ఒరిగాయి. మువ్వల చప్పుడు లేక అంతదాకా కదలని తీతువు, బండి పూర్తిగా పక్కకి వచ్చాక, చక్రం కింద నుంచి పుట్టినట్టు లేచింది.

"ఒరేయ్, ఆపరా! ఇప్పు, ఇప్పు!" అని తల్లి కేక పెట్టింది. కొడుకు అప్పటికే దూకాడు. నేను గేటు బొంగు పట్టుకుని ఉండగానే కాడి దిగిపోయింది. నొగలు తొట్టి అంచుకి ఆనించాడు. ఎద్దుల్ని తొట్టి దగ్గరే కట్టేశాడు.

"ఎందుకు విప్పావు? గేటు తీశాను, పద!"

"తీతువు లేసింది గదయ్యా."

"అది గుడ్లు పెట్టుకుందయ్యా. మీరు గుడ్ల పక్కన నిలబడ్డారని అరుస్తోంది. మీరు పోతే అదే ఊరుకుంటుంది."

తల్లి నా ముఖంలోకి చూసింది. "నువ్వే గదా నాయనా చెప్పింది? మొదటి బండి ముసలాయనకి నువ్వే చెప్పావంట. ఉన్నచోటే ఇప్పాలని, కాదంటే ఒకరు తగ్గుతారని."

"అది నేను ఊరికే అన్నమాటమ్మా. అబద్ధం."

"అబద్ధమైతే కాయితాల మీద ఎందుకు రాస్తావు?"

ఆమె చేయి పట్టుకుని తీసుకుపోయి గుడ్లు చూపించాను. ఇవి చూడు, నాలుగు, వీటికోసం అది అరుస్తోంది, అన్నాను. ఆమె అపచారం జరిగినట్టు రెండు చెంపలూ వాయించుకుంది. "ఆడకూతురు నొప్పుల్తో ఉంటే, దాని గుడ్లు గూడా కళ్లారా సూపిచ్చావా నాయనా!"

కనీసం బండిని ఇప్పచెట్టు దగ్గరికి జరపమన్నాను. ఉన్నచోటే అన్నావు గదా అన్నారు. మంచం మీద మోసుకుపోదాం, నేనొక పక్క పడతానన్నాను. మనిషిని కదిలిస్తే కదిలినట్టే గదా అన్నారు. నేను బిగించిన ముడి ఒక్కొక్కటీ వాళ్లు నాకు తిరిగి చూపిస్తున్నారు. గేటు దగ్గర బండి నిలపడానికి రూలు లేదు, కేసు రాస్తానని బెదిరించాను. అతను నా కాళ్లు పట్టుకున్నాడు. "రాసుకో అయ్యా. జైల్లో పెట్టియ్యి. మనుషుల్ని మాత్రం తగ్గనీమాకు."

అప్పుడు తట్టింది నాకు, అబద్ధం చెప్పాలని. "అదిగో, పాలపిట్ట కుడివైపు వచ్చింది! దోషం పోయింది, కట్టు!" అన్నాను.

తల్లి కళ్లకి చేయి అడ్డం పెట్టుకుని చూసింది. "ఏదీ? మాకు కనపళ్లా." మెల్లగా అంది: "నీ గేటుకాడ పీనుగ లేస్తే నీ నౌకరీకి మాట వస్తదని ఎళ్లగొడతన్నావు నాయనా. నాకు తెలవదా?"

ముందే ఆ అబద్ధం చెప్పి ఉంటే నమ్మేవాళ్లు. నిజం చెప్పాక నా అబద్ధం కూడా చెల్లకుండా పోయింది. ఆ సంగతి ఇప్పటికీ నా మనసులో మెదులుతూనే ఉంటుంది.

చీర కింద నుంచి మూలుగు వినిపిస్తోంది. మధ్యలో ఆమె ఏదో అంది. నాకు సరిగా వినపడలేదు. "నువ్వు ఊరుకోయే" అని అత్త కసిరింది. మళ్లీ మూలుగు. పైన తీతువు తిరుగుతూనే ఉంది. మేము అక్కడ నిలబడి ఉన్నంతసేపూ అది ఊరుకోదు. అది ఊరుకునేదాకా వాళ్లు కదలరు. ఈ రెంటి మధ్య నన్ను తప్ప ఇంకెవర్నీ తప్పుపట్టడానికి లేదు.

నేను రాళ్లు ఏరుకుని తీతువుని కొట్టడం మొదలుపెట్టాను. జీవితంలో పిట్టని రాయితో కొట్టింది ఆరోజే. ఒక్కటీ తగల్లేదు. అది ఇంకా దగ్గరికి వచ్చి, ఇంకా గట్టిగా అరిచింది. తల్లీకొడుకులు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. చేతిలో రాయి కింద పడేసి అరుగు మీద కూలబడ్డాను. నీళ్లు కావాలంటే ఇచ్చాను. ఇక అంతకుమించి ఆ గేటు గుమాస్తా చేయగలిగింది ఏమీ లేకపోయింది.

ఎండ నెత్తిమీదికి వచ్చింది. గుడ్లు మాడిపోతున్నాయి. తొట్టి దగ్గర ఎద్దులు ఉన్నాయి కాబట్టి తీతువు నీళ్లకి రాలేకపోయింది. చివరికి వాగు కిందికి, ఎక్కడో మిగిలిన మడుగు వైపు, ఎగిరిపోయింది. ఒక్కసారిగా అరుపు ఆగింది. కంసాలిపిట్ట చప్పుడు వినపడింది.

"ఆగింది! కట్టరా!" అంది తల్లి. అతను కాడి ఎత్తాడు. వెళ్తూ వెళ్తూ నాకు దండం పెట్టాడు. వాళ్లు వచ్చి నాలుగు గంటలు దాటింది.

ఆ ఆదివారం సెలవడిగి ఆసుపత్రికి వెళ్లాను. లోపలికి పోవడానికి ధైర్యం లేక వరండాలో నర్సమ్మని పట్టుకున్నాను. పెద్దావిడ, మెడలో సన్నటి గొలుసుకి సిలువ. చుట్టం కాను, గేటు గుమాస్తానని చెప్పాను.

"తల్లి బతికింది బాబూ. బిడ్డ పోయాడు. మగబిడ్డ. తెచ్చేసరికే గుండె ఆగింది. ఓ రెండు మూడు గంటల ముందు తెచ్చుంటే ఇద్దరూ దక్కేవాళ్లు. దార్లో ఎక్కడో ఆపారంట, ఎందుకో అడిగితే చెప్పరు" అంది. నన్ను చూసింది. "నీకేమన్నా తెలుసా?"

తెలియదన్నాను.

నెల తిరగకముందే ఆ బిడ్డ తండ్రి గేటుకి వచ్చాడు. సొరకాయ బుర్ర నిండా తేనె తెచ్చాడు. వాళ్లమ్మ పంపించిందట. "నీ మాట ఇన్నాం కాబట్టి తల్లన్నా మిగిలిందయ్యా. తోలుకోని పోయుంటే ఇద్దరూ పోయేవోళ్లు. మా అమ్మ ఆరోజు నిన్ను అనరాని మాటలంది. మనసులో పెట్టుకోమాక."

బుర్ర నా చేతిలో బరువుగా ఉంది. బిడ్డ నా వల్ల పోయాడని చెప్పడానికి నోరు తెరిచాను. అతని ముఖంలో ఉన్న నెమ్మది చూశాను. ఆ నెమ్మది చెడగొట్టడం పాపమని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. అది కూడా సాకే. నిజానికి అతను నన్ను ఎలా చూస్తాడోనని భయపడ్డాను. తేనె తీసుకున్నాను. తినలేక, పారబోయలేక, చీమలు పట్టేదాకా మూల పెట్టాను.

పిట్టల సంగతి అడిగితే చెప్పడం మానేశాను. దానివల్ల ఒరిగిందేమీ లేదు. గుమాస్తా చెప్పడం మానేశాడంటే పెద్ద సంగతులు దాస్తున్నాడనుకున్నారు. తీతువు నియమం ఇంకా గట్టిపడింది. దానికిప్పుడు సాక్ష్యం ఉంది. ఒకరు తగ్గారు, ఆగబట్టి ఒకరితో సరిపోయింది. ముసలాయనకి ఒకరోజు అంతా విప్పి చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "బిడ్డ పోయిన కాణ్ణించి నీ మనసు సెదిరింది గుమాస్తయ్యా. నీ తప్పేముంది? నువ్వు సెప్పాల్సింది సెప్పావు" అని నా భుజం తట్టి పోయాడు.

మరుసటి ఎండాకాలం తీతువు మళ్లీ వచ్చింది. ఈసారి గేటుకి కాస్త కింద, బాట దిగువన పెట్టింది. దుర్భిణి నేను తీయలేదు.

ఒక పొద్దున ఆమె వచ్చింది. నెత్తిన ఇప్పపూల బుట్ట, వెనక చాలా దూరంలో వాళ్లాయన బండి. ఆమె ముఖం నేను అంతకుముందు చూడలేదు. గేటు దగ్గర బుట్ట దించి మంచినీళ్లు అడిగినప్పుడు, గొంతుని బట్టి గుర్తుపట్టాను. మూలుగులో విన్న గొంతు. ఆమె తాగి, చెంబు తిరిగి ఇచ్చింది. బండి వచ్చేలోగా చెప్పేయాలనిపించింది. చెప్పాను. గుడ్ల కోసం ఆ మాట పుట్టించానని, దానికి ముందూ వెనకా ఏమీ లేదని, నర్సమ్మ ఏమందో కూడా చెప్పాను.

ఆమె బాట వైపే చూస్తూ విన్నది.

"నాకు ఎరికే" అంది. "ఆయాల నువ్వు సెప్పేది పడుకోని ఇంటానే ఉండా. గుడ్లు పెట్టుకుందంటన్నాడు, నిజమే సెప్తన్నాడు, పోదాం పదండి అన్నా. నా మాట ఎవురు ఇంటారు?"

నేను చెంబు తొట్టి అంచు మీద పెట్టాను.

"ఆయాల బాగానే సెప్పావు. అంతకుముందు ఎందుకు సెప్పావు ఆ మాట?" అని అడిగింది. కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. కాసేపు చూసింది. ఆమె బుట్ట నెత్తికెత్తుకుంది.

బండి మువ్వలు దగ్గరయ్యాయి. దిగువ నుంచి తీతువు లేచి, బాట మీద తిరుగుతూ అరవడం మొదలుపెట్టింది. ఆమె మొగుడు బండి ఆపి, ఉన్నచోటే ఎద్దుల్ని విప్పాడు. "ఏమే, ఆగు! లేసింది సూడు!" అని కేకేశాడు.

నేను బొంగు ఎత్తి పట్టుకున్నాను. ఆమె దాని కింద నుంచి, బాట నడిమధ్యగా, ఆగకుండా నడిచిపోయింది. తీతువు ఆమె నెత్తి మీద కొంత దూరం వెంట తిరిగి, వెనక్కి వచ్చింది. నేను బొంగు అలాగే పట్టుకుని ఉన్నాను. వెనక అతను నేల మీద కూచుని, అరుపు ఎప్పుడు ఆగుతుందోనని నా వైపు చూస్తున్నాడు.